పూల అంతోని గారు ఏ జిల్లావారు? ఒక్క మార్కు దగ్గర మొదలైన పేచీ

బురుజు నీడ (కర్నూలు)
ఆదివారం, ఉదయం 7:40

మొన్న శుక్రవారం మా వీధి గ్రంథాలయంలో పిల్లలకు క్విజ్ పెట్టాం. ప్రశ్నలు తయారుచేసింది నేనే కాబట్టి తిట్లు తిన్నదీ నేనే. పద్నాలుగో ప్రశ్న: "తెలుగువారిలో తొలి కార్డినల్ పూల అంతోని జన్మించిన జిల్లా ఏది?" నా కాగితంలో జవాబు కర్నూలు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి "నంద్యాల" అంది. తప్పన్నాను. వెనక వరసలోంచి వాళ్ళ నాన్న లేచి, "ఆయన పుట్టిన పోలూరు ఏ జిల్లాలో ఉందో ఒకసారి చూసుకోండి సార్" అన్నారు. ఇంతలో కిటికీ పక్కన పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఒకరు తల ఎత్తకుండానే "కడప" అన్నారు. ఆయన పోటీలో కూడా లేరు. గోల సద్దుమణిగేసరికి మైకు గొంతు పోయింది.

ఆ ఒక్క మార్కుతో ఆ అమ్మాయికి రెండో బహుమతి తప్పిపోయింది. రెండో బహుమతి తెలుగు నిఘంటువు, మూడోది జామెట్రీ పెట్టె. వారంలోగా తేల్చి చెబుతానని మాట ఇచ్చాను. తెలిసినవారు చెప్పండి, కొంచెం వివరంగానే చెప్పండి. ఈసారి వాళ్ళ నాన్నగారి ముందు కాగితం చూసి మాట్లాడదలచుకోలేదు.

నల్లమల గాలి (నంద్యాల)
ఆదివారం, ఉదయం 8:05

తేల్చడానికి ఏముంది? మావారే. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి మా జిల్లా పుట్టింది, పోలూరు ఇందులోకి వచ్చింది. మే 29న రోములో ఫ్రాన్సిస్ పోపుగారు కొత్త కార్డినళ్ళ పేర్లు చదివారు. రెండు నెలలు నిండని పసిబిడ్డ జిల్లాకు అంత పెద్ద కానుక దొరికితే మీరు మార్కు కోసేస్తారా? నిఘంటువు ఇచ్చేయండి.

లెక్కల మాస్టారు (ఆదోని)
ఆదివారం, ఉదయం 9:20

ఆవేశం వద్దు నాయనా. ఆయన పుట్టినది 1961 నవంబరు 15. ఆ రోజున నంద్యాల జిల్లా అనేది లేదు. రోమువారి పత్రాల్లో "కర్నూలు" అని ఉంటుంది గానీ, అదీ జిల్లా అర్థంలో కాదు, మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం అర్థంలో. కర్నూలు మేత్రాసనం 1967లో నెల్లూరు నుంచి విడిపోయింది. అంటే ఆయన పుట్టిన నాటికి అదీ లేదు. పుట్టిన తేదీనే పట్టుకు వేలాడితే ఆయనను నెల్లూరు మేత్రాసనం బిడ్డ అనాలి.

అయితే ఇంకొక సంగతి. 1970కి ముందు ఒంగోలులో పుట్టిన పెద్దవాళ్ళను ఇవాళ మనం ప్రకాశం జిల్లావారనే అంటున్నాం, ఎవరూ అభ్యంతరం చెప్పడం లేదు. కాబట్టి అమ్మాయి జవాబును తప్పనడానికి వీల్లేదు. నీ జవాబూ తప్పు కాదు. తప్పంతా ప్రశ్నది. "అప్పటి" అనే ఒక్క మాట చేర్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పెన్నా ఒడ్డు (కడప)
ఆదివారం, ఉదయం 10:02

కిటికీ పక్కన పేపరు చదువుతున్న పెద్దాయనకు నా నమస్కారాలు చెప్పండి.

పుట్టిన ఊరు మీదే, కాదనడం లేదు. కానీ ఏడో తరగతి తర్వాత ఇంట్లో పేదరికం వల్ల ఆ పిల్లవాడి చదువు ఆగిపోతే మళ్ళీ పలక చేతికిచ్చింది కడపలోని మిషనరీలు. అక్కడ దారి తిరిగింది. నూజివీడులో ఫాదర్లను తయారుచేసే చిన్న గురువిద్యాలయం, బెంగళూరులో సెయింట్ పీటర్స్ గురువిద్యాలయం, అవి ముగించుకొని 1992 ఫిబ్రవరి 20న గురుపట్టం పొందింది, అంటే ఫాదరు అయింది, ఏ మేత్రాసనానికి? కడపకు. ఆ తర్వాత కథెడ్రల్‌లో (బిషప్పు పీఠముండే గుడి) సహాయ గురువుగా ఒక ఏడాది, అమగంపల్లిలో ఒక ఏడాది, టేకూరుపేటలో ఒక ఏడాది, బద్వేలులో 1995 నుంచి 2000 దాకా, మళ్ళీ వీరబల్లిలో ఒక ఏడాది. మధ్యలో రెండేళ్ళు అమెరికాలోని షికాగో అగ్రపీఠంలో (ఆర్చిబిషప్పు ఉండే మేత్రాసనం) సేవ. తిరిగి వచ్చి 2004 నుంచి నాలుగేళ్ళు కడపలోనే సి.ఎఫ్.సి.ఏ. సంస్థ డైరెక్టరు, మేత్రాసనం బడుల వ్యవహారాలు.

ఆ సంస్థ సంగతి తెలియనివారికి: ఎక్కడో అమెరికాలో ఒక కుటుంబం నెల నెలా కొంత డబ్బు పంపుతుంది, ఇక్కడ ఒక పిల్లవాడి చదువుకో ఒక ముసలమ్మ మందులకో అది అందుతుంది. ఇప్పుడు దాని పేరు అన్‌బౌండ్. మా చిన్నతనంలో మా వీధిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు సంవత్సరానికి ఒకటి రెండుసార్లు చాప మీద బోర్లా పడుకొని "ప్రియమైన అమ్మా నాన్నలకు" అని ముఖం తెలియనివాళ్ళకు ఉత్తరం రాసేవారు. మా పక్కింటి పిల్ల ప్రతి ఉత్తరంలోనూ ఒక మామిడి చెట్టు బొమ్మ వేసేది. వాళ్ళ ఇంట్లో మామిడి చెట్టు లేదు.

పదహారేళ్ళ గురుత్వమంతా కడపకే చెందినది. కర్నూలుకు వచ్చింది బిషప్పుగానే.

కొత్త చిగురు (అనంతపురం)
ఆదివారం, ఉదయం 11:15

నేను క్రైస్తవుడిని కాను, డిగ్రీ చదువుతున్నాను. మా అనంతపురంలో క్యాథలిక్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆర్డీటీ సంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు ఒక్కరే. అందుకని తెలియక అడుగుతున్నాను, ఎవరూ నవ్వకండి. ఫాదరు, బిషప్పు, ఆర్చిబిషప్పు, కార్డినల్ అంటే తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరు, ప్రధాన కార్యదర్శి లాంటి వరసేనా? పరీక్ష రాసి పైకి వెళతారా? సీనియారిటీ ఉంటుందా?

లెక్కల మాస్టారు (ఆదోని)
ఆదివారం, మధ్యాహ్నం 12:30

నవ్వేందుకు ఏమీ లేదు. ముందు ఫెర్రర్ గారి సంగతి: ఆయన 1969లో అనంతపురం వచ్చిన మాట నిజమే, కానీ మరుసటి ఏడే జెస్యూట్ సభ (క్యాథలిక్ గురువుల సంఘం) నుంచి బయటికి వచ్చి పెళ్ళి చేసుకున్నారు. 2009లో పోయేదాకా ఆయన చేసిందంతా గురువుగా కాదు, మామూలు మనిషిగా.

ఇక వరస. పట్టాలు మూడే: డీకను, గురువు, మేత్రాణులు. బిషప్పును మన తెలుగు క్యాథలిక్కులు మేత్రాణులనో పీఠాధిపతులనో అంటారు. ఆర్చిబిషప్పు అంటే అగ్రపీఠాధిపతి. అది కొత్త పట్టం కాదు, పెద్ద పీఠం, అంతే. కార్డినల్ అసలు పట్టమే కాదు. పోపుగారికి సలహా చెప్పే బాధ్యత, ఎనభై ఏళ్ళు దాటకపోతే కొత్త పోపును ఎన్నుకునే ఓటు. ఎర్రటి వస్త్రం ఎందుకంటే, అవసరమైతే విశ్వాసం కోసం రక్తం చిందించడానికి సిద్ధమని గుర్తు.

పరీక్ష లేదు, దరఖాస్తు కూడా లేదు. దరఖాస్తు పెట్టే మనిషిని ముందు పక్కన పెడతారని మా పాత ఫాదరుగారు నవ్వుతూ అనేవారు. ఒక పీఠం ఖాళీ అయితే ఢిల్లీలో ఉండే పోపుగారి రాయబారి చుట్టుపక్కల మేత్రాణులను, గురువులను, కొందరు విశ్వాసులను రహస్యంగా వాకబు చేస్తారు. మనిషి ఎలాంటివాడు, ఆరోగ్యమేమిటి, అప్పులున్నాయా, మాట నిలకడ ఉందా, అన్నీ అడుగుతారు. చివరికి మూడు పేర్లు రోముకు వెళతాయి. ముప్పై అయిదేళ్ళు నిండాలి, గురువై అయిదేళ్ళు కావాలి. ఆ మూడు పేర్లలో ఒకటి పోపుగారు ఖాయం చేస్తారు, మూడూ కాదని వేరే పేరు అడగనూ వచ్చు. అంతోని గారి విషయంలో ఆ కబురు 2008 ఫిబ్రవరి 8న వచ్చింది. ఏప్రిల్ 19న అభిషేకం. వయసు నలభై ఆరు.

ఉపదేశి కొడుకు (బద్వేలు దగ్గర)
ఆదివారం, మధ్యాహ్నం 2:48

పెన్నా ఒడ్డు గారూ, మీరు "బద్వేలులో 1995 నుంచి 2000 దాకా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పుస్తకాల్లోనూ అంతే ఉంటుంది. రోము సంగతికి పేజీ, బద్వేలుకు అర వాక్యం. నాకు అక్కడే మనసు ఆగింది.

నేను చెప్పబోయేది ఏ ఒక్క ఫాదరుగారి గురించీ కాదు, ఆ పని గురించి. మా నాన్న ఉపదేశి. ఊళ్ళలో క్యాథలిక్ గుడి నడిచేది ఉపదేశి మీదే. జపం చెప్పించేది, పిల్లలకు ప్రశ్నోత్తరాలు నేర్పేది, ఎవరైనా పోతే రాత్రికి రాత్రి సైకిలేసుకొని విచారణ గురువుకు కబురందించేది ఆయనే. విచారణ అంటే ఒక గుడి కాదు. మా వైపు ఒక విచారణ కింద చిన్నా చితకా ఊళ్ళు పది పదిహేను ఉండేవి. ఊరికి నెలకు ఒక పూజ దక్కితే గొప్ప.

పూజ ఉన్న రోజు ఫాదరుగారు సాయంత్రం మోటారు సైకిలు మీద వచ్చేవారు. వెనక సీటుకు రబ్బరు పట్టీతో కట్టిన రేకు పెట్టె. అందులో తెల్ల గుడ్డ, పాత్ర, సిలువ, రెండు కొవ్వొత్తులు, మందుసీసా అంత సీసాలో ద్రాక్షారసం, బిళ్ళల డబ్బాలో అప్పాలు. పెట్టె మూతకు లోపల వైపు చిన్న గంట కట్టి ఉండేది. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా అది మోగేది. ఆ శబ్దం వినబడితే పిల్లలం ఊరి బయటికి పరుగు తీసేవాళ్ళం. కూలికి పోయినవాళ్ళు వచ్చి, పొయ్యి మీద సంగటి దించి, స్నానం చేసి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అంతదాకా ఫాదరుగారు వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చొని పంచాయితీలు తీర్చేవారు. మొగుడు కొట్టాడని ఒకతె, పింఛను రాలేదని ఒకాయన, పిల్లవాడికి హాస్టల్లో సీటు కావాలని ఇంకొకామె. పాపసంకీర్తనం (చేసిన తప్పులు గురువుకు చెప్పుకోవడం) కంటే అర్జీలే ఎక్కువ. పూజ అయ్యాక మా ఇంట్లో సంగటి, చెనగ పచ్చడి. మళ్ళీ బండి మీద చీకట్లో పది కిలోమీటర్లు.

ఇది ఒక సాయంత్రం. బద్వేలు విచారణలో అయిదేళ్ళంటే ఇలాంటి సాయంత్రాలు ఎన్ని అవుతాయో మాస్టారు లెక్క వేయగలరు. తొలి తెలుగు కార్డినల్ అనగానే నాకు ఎర్ర టోపీ కనిపించదు. ఆ రేకు పెట్టె గంట వినిపిస్తుంది.

లెక్కల మాస్టారు (ఆదోని)
ఆదివారం, మధ్యాహ్నం 3:10

లెక్క వేయను బాబూ. బాగా చెప్పావు.

జంటనగరం (హైదరాబాదు, సొంతూరు ప్రొద్దుటూరు)
ఆదివారం, సాయంత్రం 5:36

మమ్మల్ని మరిచిపోయారు. 2020 నవంబరు 19న హైదరాబాదు అగ్రపీఠానికి ఆయన పేరు ప్రకటించారు. తుమ్మ బాల గారు డెబ్భై అయిదు దాటి పదవి విడిచారు, ఆ స్థానంలో వీరు. 2021 జనవరి 3న పీఠం అధిష్ఠించారు. కరోనా రోజులు, మూతికి గుడ్డలు, మనిషికీ మనిషికీ మధ్య ఎడం. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కథెడ్రల్ గంటలు మా ఆఫీసు దాకా వినిపిస్తాయి. ఏడాదిన్నర తిరగకుండానే కార్డినల్ కబురు. హైదరాబాదు 1953 నుంచి అగ్రపీఠం. అన్నేళ్ళలో ఎంతమంది పెద్దలు కూర్చున్నా ఆ ఎర్ర టోపీ ఎవరికీ రాలేదు. కాబట్టి హక్కు మాది కూడా.

ఒక చిన్న చిత్రం చెబుతాను. కార్డినల్ అయినవారికి రోము నగరంలో ఒక గుడి అప్పగిస్తారు, పేరుకు వారు ఆ గుడి గురువు. అంతోని గారికి ఇచ్చినది తొలి వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారి) పేరిట ఆవురేలియా ఆంటికా వీధిలో ఉన్న గుడి. కనుక మీ జిల్లాల పోటీలో రోమువాళ్ళకు కూడా కొంత వాటా ఉంది.

వేప చెట్టు (కడప)
ఆదివారం, రాత్రి 8:14

అందరూ హారతులు పడుతున్నారు, ఒక చేదు ప్రశ్న నేను అడుగుతాను. వార్తల్లో అన్నిచోట్లా "తొలి దళిత కార్డినల్" అని రాశారు. క్రీస్తు దగ్గర కులం లేదంటారు. మరి ఎర్ర టోపీ పెట్టేటప్పుడు కులం ఎక్కడి నుంచి వచ్చింది? లేనిదానికి తొలి ఏమిటి, మలి ఏమిటి? ఆయన అర్హత చూసి ఇస్తే ఆ మాట చేర్చి ఆయననే చిన్నబుచ్చినట్టు కాదా?

పెన్నా ఒడ్డు (కడప)
ఆదివారం, రాత్రి 8:40

లేదని చెప్పేది పుస్తకంలో. ఉన్నది శ్మశానంలో.

మా అమ్మమ్మ వాళ్ళ ఊరి పేరు చెప్పను. సమాధుల తోటకు మధ్యలో నడుం ఎత్తు గోడ ఉంది. అటు రెడ్లు, ఇటు మేము. రెండు వైపులా సిలువలే, రెండు వైపులా అదే నవంబరు 2న, సమాధుల పండగనాడు, అవే కొవ్వొత్తులు. మా తాతను పూడ్చిన రోజు వర్షం. గోడ అవతల మట్టి గట్టిగా ఉంది, ఇటు నీళ్ళు నిలిచాయి. గుంటలోంచి చెంబులతో నీళ్ళు తోడి పూడ్చాం. గోడ అవతలి పెద్దాయన ఒకాయన గొడుగు పట్టుకొని నిలబడి చాలాసేపు చూసి, చివరికి తన చేతిలోని గొడుగు మా మామకు ఇచ్చి వెళ్ళిపోయాడు. గోడ మాత్రం అలాగే ఉంది.

రాయలసీమలో క్యాథలిక్ మతం పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్లతో వచ్చింది. పుంగనూరు, అనంతపురం వైపు కృష్ణాపురం, అలా. అప్పుడు చేరిన కుటుంబాల్లో రెడ్లు ఉన్నారు. మా వాళ్ళు గుంపులుగా చేరింది ఆ తర్వాతి కాలంలో. రెండు గుంపులూ ఒకే గుడికి రెండు తలుపుల్లోంచి వచ్చాయి. దేశం మొత్తం మీద 1 కోటి 90 లక్షల మంది క్యాథలిక్కుల్లో 1 కోటి 20 లక్షల మంది దళితులేనని మేత్రాణుల సమాఖ్యే 2016లో రాసుకుంది. అంత మందిలోంచి అగ్రపీఠానికి మొదటిసారి ఒక దళితుడు చేరింది 2000లో, మారంపూడి జోజి గారు. కార్డినల్ కావడానికి ఇంకో ఇరవై రెండేళ్ళు. "తొలి" అన్న మాట అవమానంగా ఉంటే ఆ అవమానం ఆయనది కాదు, ఆలస్యానిది.

ఉపదేశి కొడుకు (బద్వేలు దగ్గర)
ఆదివారం, రాత్రి 9:05

గుడిలో గోడ ఒకటి. ఆఫీసులో ఇంకోటి.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలకు బీసీ-సీ అని ఒక గది కట్టారు, ఒక్క శాతం రిజర్వేషను. మా చెల్లెలు ధ్రువపత్రం కోసం మూడు నెలలు తిరిగింది. ఒక బల్ల దగ్గర "మీరు మతం మారారు కదా, ఎస్సీ ఎలా అవుతారు" అన్నారు. పక్క బల్ల దగ్గర "మీ వీధి మాలపల్లి కదా, బీసీ ఎలా అవుతారు" అన్నారు. రెండు బల్లల మధ్య నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగుల్లో దాని కౌన్సెలింగ్ తేదీ దాటిపోయింది.

అంతోని గారు కర్నూలులో ఉన్నప్పుడు తెలుగు మేత్రాణుల సమాఖ్యలో ఎస్సీ, బీసీ వ్యవహారాల కమిషన్ చూశారు, యువజన కమిషన్ కూడా. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. అది పంపినచోటే ఉంది. వేప చెట్టు గారూ, మీరు అడిగినది తప్పు ప్రశ్న కాదు. అయితే కులం లేదని ముందు ఆ రెండు బల్లల దగ్గర చెప్పండి.

వేప చెట్టు (కడప)
ఆదివారం, రాత్రి 9:31

శ్మశానం సంగతికి నోట మాట రాలేదు. చెల్లెలి సంగతికి బాధ కలిగింది. ఒక్కటి మాత్రం వదలను. ఒక దళితుడు కార్డినల్ అయితే ఆ నడుం ఎత్తు గోడ ఒక్క ఇటుకైనా తగ్గిందా?

పెన్నా ఒడ్డు (కడప)
ఆదివారం, రాత్రి 9:38

తగ్గలేదు. మొన్న పండగకు సున్నం కూడా కొట్టారు.

నిర్వాహకులు
ఆదివారం, రాత్రి 9:50

చర్చ బాగుంది, మాటలు అదుపులో ఉన్నాయి. ఇద్దరు సభ్యులు మతమార్పిడి గురించి రాసిన వ్యాఖ్యలు మాత్రం తీసేశాం. అది వేరే పేచీ, దానికి వేరే శీర్షిక పెట్టుకోండి. ఇక్కడ ఒక అమ్మాయి నిఘంటువు కోసం ఎదురుచూస్తోందని మరిచిపోవద్దు.

తుంగభద్ర ఆడపడుచు (కర్నూలు)
సోమవారం, ఉదయం 6:55

పిల్లలూ, మా ఊరి పన్నెండేళ్ళను అందరూ దాటేశారు. 2008 నుంచి 2020 చివరిదాకా ఆయన కర్నూలు మేత్రాణులు. కర్నూలు మేత్రాసనమంటే ఒక్క కర్నూలు కాదు, అనంతపురం కూడా దీని కిందే. అటు శ్రీశైలం అడవి అంచు నుంచి ఇటు హిందూపురం దాకా. బస్సెక్కితే ఒక రోజు ప్రయాణం. ఫెర్రర్ గారి పేరు చెప్పిన అబ్బాయి కూడా ఈ మేత్రాసనం హద్దుల్లోనే ఉన్నాడు, తెలియకపోయినా.

ఆయన వచ్చిన ఏడాదిన్నరకే మా ఊరు మునిగింది. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. సెలవని పిల్లలు మేడ మీద ఆడుకుంటున్నారు. మధ్యాహ్నానికి మెట్లు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి. రెండు రాత్రులు మేడ మీదే. నీరు తీసాక ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు, మా వంటింట్లో చచ్చిన పాము, పెళ్ళినాటి బీరువాలో పట్టుచీరలు బురద ముద్ద. నెల దాకా మా వీధికి అన్నం ఎక్కడెక్కడి నుంచో వచ్చింది. గుడి వాళ్ళు, మసీదు వాళ్ళు, చర్చి వాళ్ళు, పేరు చెప్పకుండా లారీ దింపి వెళ్ళినవాళ్ళు. ఎవరు పెట్టారో అడగలేదు, తిన్నాం. ఒక మేత్రాణుల కాలంలో ఏం జరిగిందని రాస్తే ఇలాంటివి కూడా రాయాలి. ఎన్ని గుళ్ళకు పునాది రాయి వేశారన్నది ఒక్కటే లెక్క కాదు.

ఆయన హైదరాబాదు వెళ్ళాక మా పీఠం మూడేళ్ళకు పైగా ఖాళీగా ఉండి, 2024లో కొత్తవారు వచ్చారు. అంతకాలం పూజలో పీఠాధిపతి పేరు తలచుకునేచోట నోరు అలవాటుకొద్దీ "అంతోని" అనబోయి ఆగేది.

లెక్కల మాస్టారు (ఆదోని)
సోమవారం, ఉదయం 8:20

అమ్మా, మీరు చెప్పిన 2008 సంగతికి ఒక తేదీ ముడిపడి ఉంది. నాకు తేదీల పిచ్చి, క్షమించాలి.

ఆ ఏప్రిల్ 19న అంతోని గారి తలపై చేతులుంచి అభిషేకించినది హైదరాబాదు అగ్రపీఠాధిపతి మారంపూడి జోజి గారు, పైన పెన్నా ఒడ్డు చెప్పిన తొలి దళిత అగ్రపీఠాధిపతి. జోజి గారు 2010 ఆగస్టు 27న కన్నుమూశారు. సరిగ్గా పన్నెండేళ్ళకు, 2022 ఆగస్టు 27న, జోజి గారి పీఠంలోనే కూర్చున్న, ఆయన అభిషేకించిన మనిషికి రోములో ఎర్ర టోపీ పెట్టారు. ఎవరూ పని కట్టుకొని ఎంచిన తేదీ కాదు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన ఇరవై మందిని ఆ రోజు ఒకేసారి కార్డినళ్ళుగా చేశారు. మన దేశం నుంచి ఇద్దరు, గోవా అగ్రపీఠాధిపతి ఫెర్రావ్ గారు, వీరు. అయినా ఆ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజున కాసేపు కలం కింద పెట్టాను.

కొత్త చిగురు (అనంతపురం)
సోమవారం, ఉదయం 9:02

మాస్టారూ, ఇంకొకటి. ఓటు అన్నారు కదా. నిజంగా వేశారా?

బురుజు నీడ (కర్నూలు)
సోమవారం, ఉదయం 9:45

దీనికి నేను చెబుతాను, మా ఇంట్లో జరిగింది కాబట్టి.

2025 ఏప్రిల్ 21న ఫ్రాన్సిస్ పోపుగారు పోయారు. మే 7న 133 మంది కార్డినళ్ళు కొత్త పోపును ఎన్నుకోవడానికి వాటికన్‌లోని సిస్టైన్ గుడిలోకి వెళ్ళి తలుపులు వేసుకున్నారు. గెలవాలంటే మూడింట రెండు వంతులు, 89 ఓట్లు. మన దేశం నుంచి నలుగురు, అందులో అంతోని గారు ఒకరు. మా నానమ్మకు తొంభై దగ్గర పడింది. మేము హిందువులమే, కానీ ఆమె చిన్నప్పుడు మిషను ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది, అందుకని మరియమ్మ అన్నా ఆమెకు భక్తే. "మనూరాయన లోపల ఉన్నాడు" అని రెండు రోజులు నా ఫోను వదలలేదు. ఫోనులో ఏముంటుంది? ఒక కప్పు, దాని మీద రాగి రంగు పొగగొట్టం. గంటల తరబడి అదే. నేను విసుక్కుంటే, "కుండలో అన్నం ఉడికేటప్పుడు మూత తీసి చూస్తారా, కూర్చో" అంది.

మొదటి రోజు రాత్రి నల్ల పొగ, అంటే ఎవరూ తేలలేదని. ఎనిమిదో తేదీ రాత్రి ఆ గొట్టం పక్కన తెల్లటి సముద్రపు పక్షి ఒకటి వచ్చి వాలింది, దాని వెనకే పిల్ల ఒకటి తడబడుతూ. నానమ్మ కళ్ళద్దాలు సర్దుకొని, "పిల్లల తల్లి వచ్చింది, ఇక అయిపోతుందిలే" అంది. మన గడియారంలో తొమ్మిదిన్నర దాటింది, తెల్ల పొగ వచ్చింది, అంటే కొత్త పోపు తేలారని. నాలుగో విడత ఓటింగులో తేలిందట. ఇంకో గంటకు పద్నాలుగో లియో పేరుతో కొత్త పోపుగారు వసారాలోకి వచ్చారు. నానమ్మ ఆయనను చూడలేదు. "మనాయన ఎక్కడ?" అని పక్క వసారాల్లో నిలబడిన ఎర్రబట్టల గుంపును వేలితో పెద్దది చేయమని అడిగింది. చేస్తే అన్నీ ఎర్రటి చుక్కలయ్యాయి. అందులో ఒక చుక్కను చూపించి "అదిగో" అని చెప్పాను. అబద్ధమే. ఆమె దండం పెట్టుకుంది.

నా ప్రశ్నపత్రంలోకి ఆ ప్రశ్న వచ్చింది కూడా ఆమె వల్లనే. జిల్లా ఏదని ఆమెను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

నల్లమల గాలి (నంద్యాల)
సోమవారం, ఉదయం 10:10

అడిగితే ఏం చెప్పేవారు?

బురుజు నీడ (కర్నూలు)
సోమవారం, ఉదయం 10:14

ఇప్పుడే అడిగాను. "నంద్యాలో కర్నూలో నాకెందుకురా, సీమ వాడు" అంది. ఈ జవాబుకు మార్కు ఎలా వేయాలో మాస్టారు చెప్పాలి.

లెక్కల మాస్టారు (ఆదోని)
సోమవారం, ఉదయం 10:31

ఆమెకు పూర్తి మార్కు. నీకు సున్న. అమ్మాయికి నిఘంటువు.

లెక్క ప్రకారం ఇంకో మాట: 75 నిండగానే రాజీనామా లేఖ పంపడం నియమం, అంటే 2036 నవంబరులో. ఓటు హక్కు మాత్రం 2041 నవంబరు 15 దాకా ఉంటుంది. ఈలోగా ఎన్ని జిల్లాలు కొత్తగా పుడతాయో, అందుకని ప్రశ్నలో సంవత్సరం తప్పకుండా రాయి.

బురుజు నీడ (కర్నూలు)
మంగళవారం, రాత్రి 9:20

ఇప్పుడే ఆ అమ్మాయి ఇంటి నుంచి వస్తున్నాను. నిఘంటువు ఇచ్చాను, జామెట్రీ పెట్టె వెనక్కి ఇవ్వబోతే ఉంచుకోమన్నాను. వాళ్ళ నాన్న టీ పోయించారు, క్విజ్ రోజు గట్టిగా మాట్లాడినందుకు నొచ్చుకున్నారు. మీరందరూ రాసినది ఫోనులో చూపించాను. ఆయన తేదీల దగ్గర ఆగారు. అమ్మాయి మాత్రం రేకు పెట్టె గంట దాకా చదివి, మళ్ళీ పైకి వెళ్ళి, ఏడో తరగతిలో చదువు ఆగిపోయిన దగ్గర వేలు పెట్టింది.

"అంకుల్, ఏడు అయిపోయాక ఆగిపోయి మళ్ళీ బళ్ళోకి వెళ్ళేదాకా ఆయన ఏం చేసేవారు?" అని అడిగింది. వాళ్ళ నాన్న ఆమె వైపు చూడలేదు, టీ గ్లాసు వైపు చూశారు. పక్కగదిలో పదిహేనేళ్ళ కుర్రాడు ఒకడు మెకానిక్ షాపు బట్టలతోనే కూర్చొని అన్నం తింటున్నాడు.

ఉపదేశి కొడుకు (బద్వేలు దగ్గర)
మంగళవారం, రాత్రి 9:52

ఆ కుర్రాడిది ఎన్నో తరగతి దగ్గర ఆగింది? నాకు విడిగా రాయండి. సార్వత్రిక పాఠశాల పదో తరగతి ప్రవేశాల కాగితాలు నేను నింపి పంపగలను, మా ఊళ్ళో ఇద్దరికి చేశాను.

పెన్నా ఒడ్డు (కడప)
మంగళవారం, రాత్రి 10:05

నేనూ ఉన్నాను. ఫీజు సంగతి నాకు వదిలేయండి.

అన్నట్టు, కిటికీ పక్కన "కడప" అన్న పెద్దాయన సంగతి తేల్చలేదు. కనీసం అర మార్కు అయినా ఇస్తారా?

బురుజు నీడ (కర్నూలు)
మంగళవారం, రాత్రి 10:11

ఆయన పోటీలో లేరండీ. కుర్రాడి వివరాలు ఇద్దరికీ పంపాను.